ఒక్క నీలం గొట్టంతో సముద్రం రాదు: అపోహలు, వాస్తవాలు

విశాఖ ఒడ్డున కూర్చుని బొమ్మ వేస్తుంటే వెనక ఎవరో ఒకరు నిలబడి సలహా ఇవ్వకుండా కదలరు. వాటిలో తరచూ వినేవి కొన్ని.

అపోహ: సముద్రానికి నీలం ఉంటే చాలు.
వాస్తవం: నా పెట్టెలో ముందుగా అయిపోయేవి ఆకుపచ్చ, మట్టి రంగులు. విరగబోయే కెరటాన్ని పొద్దున్నే చూడండి. మనది తూర్పు తీరం కాబట్టి ఎండ దాని వెనక నుంచి వస్తుంది. పై అంచు పల్చబడి సీసా పెంకులా పచ్చగా వెలుగుతుంది. అడుగున ఇసుక కలిసిన గోధుమరంగు. సాయంత్రం ఎండ మన వీపు మీద పడుతుంది, ఆ పచ్చదనం వెతికినా దొరకదు. వానాకాలంలో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల వైపు వెళితే, పెట్టెలోని నీలం మూత కూడా తీయక్కర్లేదు.

అపోహ: నురుగంటే తెల్లరంగు.
వాస్తవం: నీటిరంగుల్లో నేను తెల్లరంగు వాడను, కాగితాన్నే వదిలేస్తాను. నీడలోని నురుగు ఊదా కలిసిన బూడిదరంగు. అది పడితేనే ఎండలోని నురుగు మెరుస్తుంది.

అపోహ: దిగంతం గీత ఎక్కడ గీసినా ఒకటే.
వాస్తవం: అది ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. ఒడ్డున నిలబడితే సుమారు 5 కిలోమీటర్ల దూరం. ఇసుకలో కూర్చుంటే దూరపు పడవ ఆ గీతను దాటి తల ఎత్తాలి. కైలాసగిరి మీద నుంచి చూస్తే అదే పడవ గీతకు బాగా కింద ఉండాలి. ఈ రెండూ కలిపేసిన బొమ్మలు హోటల్ గోడల మీద ఎన్నో చూశాను.

అపోహ: బొమ్మంతా కెరటం ఎదుటే పూర్తి చేయాలి.
వాస్తవం: మూడు మీటర్లకు పైగా వెడల్పున్న ‘తొమ్మిదో కెరటం’ (1850) వేసిన రష్యన్ చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ సముద్రాన్ని గదిలో, జ్ఞాపకం నుంచే వేసేవాడు. కదిలే నీరు కుంచెకు చిక్కదన్నది ఆయన వాదన. నేనూ ఒడ్డున అరచేతంత స్కెచ్చులతో సరిపెడతాను. ఒకే చోట విరిగే కెరటాలను యాభై దాకా వరసగా చూశాకే ఇంటికి వెళ్లి పెద్ద కాగితం తీస్తాను.

అపోహ: చల్లగాలిలో హాయిగా చేసుకునే పని.
వాస్తవం: ఆ చల్లగాలిలోని తేమకే మొదటి పూత ఆరదు. ఆరేలోగా ఇసుక అంటుకుంటుంది. ఒకసారి గాలికి బొమ్మతో సహా ఈజిల్ పడిపోతే, పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి దాని కాళ్లకు తాడుతో రాయి కట్టాడు. తర్వాత బొమ్మకేసి చూసి, “పడవ ముక్కు ఇంత కిందికుంటే కెరటం దాటదు బాబూ” అన్నాడు. బొమ్మ ఇంకా తడిగానే ఉంది. అక్కడే ముక్కు పైకెత్తాను.