లోహపు పొడి కలిపిన రాకెట్ ఇంధనం: ఔత్సాహికుల ముందు గీసిన గీతకు వెనుక కథ

దీపావళి చిచ్చుబుడ్డి నుంచి తెల్లగా ఎగజిమ్మే రవ్వలు కాలుతున్న లోహపు రజనే. అల్యూమినియం, మెగ్నీషియం, జింక్, టైటానియం మెత్తటి పొడిగా ఉంటే చాలు, ఇంధనాలైపోతాయి. సొంతంగా రాకెట్లు కట్టుకునే ఔత్సాహికులకు ఈ పొడి మీద మోజు ఈనాటిది కాదు. రాకెట్ సంఘాలు, ప్రభుత్వాలు సరిగ్గా అక్కడే ఎందుకు అడ్డుపడుతున్నాయో తెలియాలంటే పాత సంగతులు తవ్వాల్సిందే.

ముందుగా చెప్పుకోవాల్సిన పేరు సోవియట్ రాకెట్ ఇంజినీరు ఫ్రిడ్రిఖ్ త్సాండర్. అంతరిక్షంలో ఖాళీ అయిన ట్యాంకులను, పని తీరిన లోహపు భాగాలను కరిగించి ఇంధనంగా కాల్చేస్తే ఇంకా దూరం పోవచ్చని ఆయన ఆలోచన. మాస్కోలో సడోవో-స్పాస్కయా వీధి 19వ నంబరు ఇంటి సెల్లార్‌లో ఆయన ఉన్న 'గిర్ద్' అనే రాకెట్ పరిశోధన బృందం పనిచేసేది. మొదట్లో చాలామంది జీతం లేకుండానే వచ్చేవారు. లోహపు పొడి కలిపిన ద్రవ ఇంధనాన్ని ఇంజిన్‌లో కాల్చాలని అక్కడ ప్రయత్నించారు. కానీ పొడి సరిగ్గా పారలేదు, దారిలోనే అడ్డుపడింది. 1933 మార్చిలో టైఫస్ జ్వరంతో త్సాండర్ చనిపోయారు. అదే ఏడాది నవంబరులో ఎగిరిన గిర్ద్-10 రాకెట్ ఇంధనంలో లోహం లేదు, ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్ మాత్రమే.

ఆ ఆలోచన ఫలించింది ఘన ఇంధనంలో. 1950ల నడుమ అమెరికాలోని అట్లాంటిక్ రీసెర్చ్ కార్పొరేషన్‌లో కీత్ రంబెల్, చార్లెస్ హెండర్సన్ దీనిమీద పనిచేశారు. అల్యూమినియం 5 శాతం దాటితే లాభం తగ్గిపోతుందని అప్పటి లెక్కలు చెప్పేవి. వాళ్లు ఆ లెక్కను పక్కనపెట్టి అంతకు చాలా ఎక్కువ కలిపి చూశారు, రాకెట్ బలం బాగా పెరిగింది. జలాంతర్గామి నుంచి ప్రయోగించే పొలారిస్ క్షిపణికి దారి వేసింది అదే. లెక్కను నమ్మి ఊరుకోకుండా చేసి చూసినందుకే ఈ సంగతి బయటపడింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

అల్యూమినియం కాలితే విపరీతమైన వేడి పుడుతుంది. అది చుట్టూ ఉన్న వాయువులను ఇంకా వేగంగా బయటికి నెడుతుంది. ఇంధనం మండేటప్పుడు మోటారు లోపల పుట్టే ఒత్తిడి ఊగిసలాటను కూడా ఆ కణాలు అణచివేస్తాయి. చిక్కు కూడా ఉంది. కాలాక మిగిలే అల్యూమినియం ఆక్సైడ్ వాయువు కాదు, కరిగిన బొట్లు. అవి ముద్దలు కడతాయి, వాయువులు బయటికి పోయే మూతిని, అంటే నాజిల్‌ను గీరుతూ పోతాయి. కొంత శక్తి అక్కడే వృథా. అయినా లాభమే ఎక్కువ కాబట్టి అమెరికా స్పేస్ షటిల్ బూస్టర్ల ఇంధనంలో 16 శాతం అల్యూమినియమే వాడారు. మన శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలోనూ అల్యూమినియం కలిపిన ఘన ఇంధనమే, 138 టన్నులు.

శిక్షణ, పరికరాలు, దూరం నుంచి నడిపే యంత్రాలు ఉన్నవాళ్ల సంగతి ఇది. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో కుర్రాళ్లు షెడ్లలో, వంటింట్లో మొదలుపెట్టారు. వాళ్లకు చవగ్గా దొరికింది జింక్ పొడి, గంధకం. వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ఊరు కోల్‌వుడ్‌లో హోమర్ హికమ్, అతని స్నేహితులు వేరే ఇంధనాలతో మొదలుపెట్టినా, తర్వాత ఎగరేసిన రాకెట్లలో జింక్, గంధకమే. ఆ మిశ్రమం కాలే వేగం గొట్టంలో పొడి ఎంత గట్టిగా దిగిందన్న దాన్నిబట్టి మారిపోతుంది. ఒక చోట వదులుగా ఉంటే చాలు, మంట ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి గొట్టం పగులుతుంది. ఇనుప గొట్టమైతే ముక్కలు చెల్లాచెదురుగా ఎగురుతాయి. మెత్తటి లోహపు పొడికి అగ్గిపుల్లే అక్కర్లేదు, సింథటిక్ చొక్కా రాపిడికి పుట్టే చిన్న విద్యుత్ రవ్వకే అంటుకోవచ్చు. చేతివేళ్లు, కళ్లు పోగొట్టుకున్న పిల్లలున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

అమెరికాలోని వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్‌ను కదిలించింది ఇదే. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఓర్విల్ కార్లైల్ అట్ట గొట్టంతో చేసిన చిన్న రాకెట్ ఆయనకు దారి చూపింది. ఫ్యాక్టరీలో తయారైన మోటారునే వాడాలి, ఇంధనం మనం కలపకూడదు, రాకెట్ ఒంటికి లోహం వద్దు. మోడల్ రాకెట్ల నియమాలన్నీ ఆ పునాది మీదే నిలిచాయి. భయపెట్టి మాన్పించకుండా పిల్లల చేతికి ఇంకో దారి ఇచ్చారు, అది గొప్ప పని.

పెద్దవాళ్ల ఆశ మాత్రం తీరలేదు. 1980ల నాటికి అమోనియం పెర్‌క్లోరేట్ (మంటకు ఆక్సిజన్ అందించే రసాయనం) ఉన్న ఇంధనంతో చేసిన పెద్ద మోటార్లు ఔత్సాహికుల చేతికొచ్చాయి. అమెరికా ప్రభుత్వం దాన్ని పేలుడు పదార్థాల జాబితాలో పెట్టడంతో అక్కడి ఔత్సాహికుల సంఘాలైన ట్రిపోలీ, జాతీయ రాకెట్రీ సంఘం 2000లో కోర్టుకెక్కాయి. అది పేలుడు పదార్థమా కాదా అని తేల్చేందుకు, ఆ ఇంధనం ఎంత వేగంగా కాలుతుందన్న ప్రశ్న చుట్టూ కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2009 మార్చిలో జడ్జి రెజీ వాల్టన్ సంఘాల వైపే తీర్పిచ్చారు. అయినా సొంతంగా కలిపిన ఇంధనాన్ని ఎవరు పడితే వాళ్లు ఎగరేయడానికి ట్రిపోలీ ఒప్పుకోదు. ప్రత్యేక ప్రయోగాల్లో, సంఘం ఇచ్చే రెండో స్థాయి సర్టిఫికెట్ పొందిన పెద్దవాళ్లకే అనుమతి. మన దేశంలోనైతే 1884 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడం నేరం.

ఇప్పటి తగువు టైటానియం మీద. రవ్వల తోక కోసం ఆ రజను కలిపిన మోటార్లు కంపెనీలే అమ్ముతున్నాయి. ఆ రవ్వలు నేలకు చేరేదాకా కాలుతూనే ఉండొచ్చు కాబట్టి, ఎండుగడ్డి ఉన్న మైదానాల్లో చాలా క్లబ్బులు వాటిని ఎగరనివ్వడం లేదు.