కాన్‌కరెంట్‌హ్యాష్‌మ్యాప్ పెడితే రేస్ కండిషన్ పోతుందా? అపోహలు - వాస్తవాలు

జావా కోడ్ రివ్యూలో పదే పదే వినే మాట: "హ్యాష్‌మ్యాప్ తీసేసి కాన్‌కరెంట్‌హ్యాష్‌మ్యాప్ పెట్టేశామండీ, ఇక రేస్ రాదు."

వస్తుంది. రేస్ అంటే ఒకేసారి నడిచే థ్రెడ్‌లు (ప్రోగ్రామ్‌లోని సమాంతర పనులు) ఒకే డేటాను మార్చబోయి లెక్క తప్పడం. కాన్‌కరెంట్‌హ్యాష్‌మ్యాప్ అంటే చాలా థ్రెడ్‌లు ఒకేసారి వాడుకోగల, కీకి విలువను దాచే మ్యాప్. ఆ మ్యాప్ కాపాడేది తన లోపలి అమరికను, మీ లెక్కను కాదు. గెట్ (చదవడం) విడిగా భద్రమే, పుట్ (రాయడం) విడిగా భద్రమే. గొడవంతా ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే. బ్యాలెన్స్ 500 అనుకోండి. ఒక థ్రెడ్ 500 చదివి, 300 తీసి, 200 రాయబోతోంది. ఈలోపే రెండోది కూడా 500 చదివి, 400 తీసి, 100 రాసేసింది. ఉన్నది 500, పోయింది 700. ఎక్సెప్షన్ రాదు, లాగ్‌లో జాడ ఉండదు.

చదవడం, సరిచూడడం, రాయడం మూడూ విడదీయరాని ఒకే పని కావాలి. వాటిని ఆ మ్యాప్‌లోని కంప్యూట్ మెథడ్ లోపల పెట్టండి. జావా 8 నుంచి అది ఆ కీ ఉన్న బకెట్‌నే (మ్యాప్ లోపలి ఒక అరనే) లాక్ చేస్తుంది, మిగతా బకెట్ల పని సాగుతూనే ఉంటుంది. అయితే దాని లోపల డేటాబేస్ కాల్స్ పెట్టకండి, అదే మ్యాప్‌ను మళ్లీ మార్చకండి.

"ఐడీకో లాక్ పెట్టాంగా" అనేవాళ్లూ ఉన్నారు. నేను చూసిన ఒక ప్రాజెక్టులో ఇంటీజర్ ఐడీ మీదే సింక్రనైజ్డ్ (ఒక ఆబ్జెక్ట్‌ను లాక్‌గా వాడి, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి పంపే కీవర్డ్) రాశారు. టెస్టులన్నీ పాసయ్యాయి, ప్రొడక్షన్‌లో లెక్కలు తప్పాయి. రాసిన అమ్మాయి తనకు జావాయే రాదేమోనని బెంబేలెత్తిపోయింది. ఆమె లాజిక్‌లో తప్పు లేదు. మైనస్ 128 నుంచి 127 వరకు జావా ఒకే ఆబ్జెక్ట్‌ను మళ్లీ మళ్లీ ఇస్తుంది, టెస్టు ఐడీలన్నీ ఆ లోపువే. 127 దాటాక మామూలుగా ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ వస్తుంది, అంటే ఎవరి లాక్ వాళ్లదే. ఐడీకి ఒక లాక్ ఆబ్జెక్ట్‌ను కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌తో తయారుచేసి వాడితే సరిపోయింది. రెండు ఖాతాల మధ్య బదిలీకైతే ఎప్పుడూ చిన్న ఐడీ లాక్ ముందు తీసుకోండి, లేకపోతే డెడ్‌లాక్ రావచ్చు, అంటే రెండు థ్రెడ్‌లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగి అలాగే నిలిచిపోతాయి.

వోలటైల్ (విలువలోని మార్పు మిగతా థ్రెడ్‌లకు కనబడేలా చేసే కీవర్డ్) పెడితే ప్లస్‌ప్లస్ (ఒకటి కలపడం) భద్రమా? కాదు, అందులోనూ చదవడానికీ రాయడానికీ మధ్య అదే సందు ఉంటుంది; అటామిక్‌ఇంటీజర్ వాడండి.

సింక్రనైజ్డ్ నెమ్మదన్న పుకారు నమ్మి లాక్‌ను ముక్కలు చేయకండి. ముందు జావా ఫ్లైట్ రికార్డర్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా ఏం జరుగుతోందో నమోదు చేసే సాధనంలో) థ్రెడ్‌లు ఏ లాక్ దగ్గర ఆగుతున్నాయో చూడండి. అక్కడ రద్దీ లేకపోతే మొత్తానికీ ఒకే లాక్ ఉంచేయండి.