కాగితం మీది గోళం: బూలే గురించి అపోహలు - వాస్తవాలు

ఆర్కిటెక్చర్ విద్యార్థులకు డ్రాయింగ్ నేర్పడం నా పని. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కిటెక్ట్ ఎతియెన్ లూయీ బూలే 1784లో న్యూటన్ స్మారక మందిరంగా గీసిన, ఎన్నడూ కట్టని పెద్ద గోళం బొమ్మను తెర మీద పెట్టగానే, ఏటా తరగతిలో దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: కట్టడం చేతగాక కాగితాల మీద గీసుకున్నాడు.

వాస్తవం: బూలే 1760లలో పారిస్ సంపన్నులకు భవంతులు కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1762లోనే రాచ ఆర్కిటెక్చర్ అకాడమీలో చేరాడు. ఆయన కట్టిన ఓతెల్ అలెగ్జాండ్ర్ నేటికీ పారిస్‌లో ఉంది. (పేరు చూసి భోజనాల హోటల్ అనుకోకండి. పట్టణంలో కలవారు ఉండే ఇంటిని అక్కడ ఓతెల్ అనేవారు.) నిజానికి చిన్నప్పుడు ఆయనకు చిత్రకారుడు కావాలని ఉండేది. ఆర్కిటెక్టయిన తండ్రి తన వృత్తిలోకే లాక్కున్నాడు. ఆ కోరిక చావలేదనడానికి ఆర్కిటెక్చర్ మీద ఆయన రాసిన వ్యాసం రాతప్రతే సాక్ష్యం. దాని మొదట్లో 'నేనూ చిత్రకారుణ్ణే' అన్న ఇటాలియన్ మాట రాసుకున్నాడు.

అపోహ: అది న్యూటన్ సమాధి.

వాస్తవం: న్యూటన్‌ను ఖననం చేసింది లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో. ఆయన 1727లో కన్నుమూశాడు, బూలే 1728లో పుట్టాడు. గోళం అడుగున కనిపించే రాతి శవపేటిక ఉత్తదే.

అపోహ: ఒట్టి బంతి. ఇందులో ఆర్కిటెక్చర్ ఏముంది?

వాస్తవం: ఈ ప్రశ్న వచ్చిన రోజున సిలబస్ పక్కన పెట్టేస్తాను. గోళం వ్యాసం సుమారు 150 మీటర్లు. రోమ్‌లోని పురాతన ఆలయం పాంథియన్ గుమ్మటం వ్యాసం 43 మీటర్లే. బొమ్మలో వరుసలు తీరిన సైప్రస్ చెట్లు గడ్డిపోచల్లా కనిపిస్తాయి, మనుషులు చీమల కన్నా చిన్నగా ఉంటారు. సన్నటి సొరంగం గుండా నడిచి వెళ్తే ఒక్కసారిగా ఆ శూన్యం మధ్యలో తేలతాం. గోళం పైభాగమంతా రంధ్రాలు. బయట పట్టపగలు, లోపల నక్షత్రాలు. రాత్రి దీనికి తలకిందులు: మధ్యలో వేలాడే గ్రహగోళాల దీపం వెలిగి లోపల పగలవుతుంది. రెంటికీ వేర్వేరు సెక్షన్లు (కట్టడాన్ని నిలువునా కోసినట్టు లోపలిది చూపే బొమ్మలు) గీశాడు.

వాటిలోని నీడలను దగ్గరగా చూడండి. సిరాను నీళ్లతో పలచన చేసి, పూత మీద పూత వేసి, ఒక్కో పూత ఆరాకే తర్వాతిది వేయాలి. కుంచె ఒక్క క్షణం ఆగితే అక్కడ అంచు గీత పడి గోళం కాస్తా పళ్లెం అయిపోతుంది. మా పిల్లలకు అరచేయంత గోళం ఇచ్చి ఇలా నీడ వేయమంటాను. సాయంత్రానికి బల్లల మీద అన్నీ పళ్లేలే! ఓసారి వెన్నెల్లో అడవి అంచున నడుస్తూ తన నీడను, చెట్ల నీడలను చూసి 'నీడల ఆర్కిటెక్చర్' ఆలోచన వచ్చిందని బూలే రాసుకున్నాడు. ఆ సెక్షన్లు చూశాక నమ్మబుద్ధవుతుంది.

అపోహ: ఫ్రెంచి విప్లవం పుట్టించిన ఊహలివి.

వాస్తవం: విప్లవం వచ్చింది 1789లో. గోళం అప్పటికే ఐదేళ్ల పాతది. 'విప్లవ ఆర్కిటెక్ట్' అనే ముద్ర 20వ శతాబ్దపు చరిత్రకారులు వేసింది.

అపోహ: కట్టనిది ఎవరికి ఉపయోగం?

వాస్తవం: ఆయన శిష్యుల్లో షాల్‌గ్రాన్ పారిస్ విజయతోరణానికి రూపమిచ్చాడు. మరో శిష్యుడు ద్యూరాన్ పారిస్‌లోని ఇంజినీరింగ్ విద్యాలయం ఎకోల్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పాడు. అసలు కట్టడం కంటే ముందు ఊహ ఉంటుందనేది బూలే వాదన. తొలి మనుషులు కూడా గుడిసె రూపం మనసులో చూసుకున్నాకే వేసుకున్నారు కదా, అంటాడు. గుడిసె మాట ఒప్పుకుంటాను కానీ, 150 మీటర్ల రాతి గోళం తన బరువు తాను ఎలా మోస్తుందో మాత్రం చెప్పలేదు. ఈ వాదన ఉన్న వ్యాసం 1953 దాకా అచ్చుకే నోచుకోలేదు.

1785లో ఆయన పారిస్ రాచ గ్రంథాలయం పెరడును పెద్ద కమాను కప్పు కింద చదువుల హాలుగా మార్చాలని కూడా గీశాడు. ఆ హాలు కట్టలేదు. 1799లో చనిపోతూ తన కాగితాలన్నీ జాతికి రాసిచ్చాడు. ఆ గ్రంథాలయమే ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం. గోళం బొమ్మలు ఉన్నది అక్కడే.