ఇరవై వేల బెయిల్ అంటే ఇరవై వేలు కట్టడం కాదు

పోయిన నెల కోర్టు వరండాలో ఒకావిడ పాలిథిన్ కవర్లోంచి నోట్లు తీసి నా చేతిలో పెట్టబోయింది. ఎక్కువగా వందలు, యాభైలు. చెవులు బోసిగా ఉన్నాయి. "పదహారు వేలున్నాయి సార్. మిగతా నాలుగు వేలు వారంలో తెస్తా, మావాణ్ణి విడిపించండి." దొంగతనం కేసు. కొడుక్కి బెయిల్ వచ్చి నలభై రోజులైంది, ఇంకా జైల్లోనే ఉన్నాడు.

లీగల్ ఎయిడ్ లాయరుగా నేను విని విని విసిగిన అపోహ ఇది. ఆర్డరులో "20,000 రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు" అని ఉంటే ఆ రోజు కోర్టుకు ఎవరూ ఆ డబ్బు కట్టక్కర్లేదు. మనిషి వాయిదాలకు రాకుండా పారిపోతేనే వసూలు. నగదు డిపాజిట్ అని విడిగా రాసి ఉంటే అది వేరే సంగతి. అందుకే కమ్మలు తాకట్టు పెట్టేముందు ఆర్డరు ఎవరితోనైనా చదివించుకోండమ్మా!

"జామీను ఇచ్చేవాళ్లెవరూ లేరు సార్" అంది. అసలు చిక్కు ఇక్కడే. ఇంటి పన్ను రసీదో, పొలం పాస్‌బుక్కో ఉన్న మనిషి కూలీకి ఎక్కడ దొరుకుతాడు? జామీను "సెట్ చేస్తాం" అనేవాళ్లు ఇలాంటప్పుడే తగులుకుంటారు. వాళ్ల జోలికి పోకుండా, షరతులు తగ్గించమని అదే కోర్టులో పిటిషన్ వేయించండి. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టే స్వయంగా సడలింపు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసులో, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మెజిస్ట్రేట్ జామీను తిరస్కరిస్తే, అలా కుదరదని 1978లోనే తేల్చింది. అయినా "లోకల్ షూరిటీ ఉందా?" అనే ప్రశ్న నాకిప్పటికీ ఎదురవుతూనే ఉంది. కొత్త చట్టం వస్తేనే పేదవాడికి న్యాయం అనేవాళ్లు ఒకసారి మా వరండాలో నిలబడి చూడాలి.

మిగతావి గబగబా చెప్పేస్తా. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు హక్కు ఉంది, 15100కు ఫోన్ చేయండి. కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసుల ఛార్జిషీటు (నేరారోపణ పత్రం) పడకపోతే బెయిల్ హక్కు వస్తుంది, కానీ వాళ్లంతట వాళ్లే వదిలేయరు, అది పడకముందే బెయిల్ అడగాలి. ఇక "నేరం ఒప్పుకుంటే త్వరగా బయటపడతావు" అని ఎవరైనా అంటే, లాయరుతో మాట్లాడకుండా తలూపొద్దు. శిక్ష పడిన ముద్ర మిగిలిపోతుంది.

పిటిషన్ వేశాం. సొంత పూచీకత్తు చాలన్నారు, కుర్రాడు ఆ వారమే బయటికొచ్చాడు. తాకట్టు కొట్లో కమ్మలకు వడ్డీ మాత్రం ఆవిడ కట్టుకోవాల్సి వచ్చింది.