ఫిబ్రవరి 19: మద్రాసు హైకోర్టులో లాఠీ ఎక్కడిదాకా వెళ్లింది?

2009లో మద్రాసు హైకోర్టు ఆవరణలో లాయర్లకూ పోలీసులకూ ఘర్షణ జరిగిన ఫిబ్రవరి 19ని చెన్నై లాయర్లు నల్లదినం అంటారు, అది వచ్చిందంటే ముందు రాయి వేసింది ఎవరన్న గొడవ మళ్లీ మొదలు. శ్రీలంక యుద్ధానికి నిరసనగా లాయర్లు చేసిన కోర్టుల బహిష్కరణ, 2009 ఫిబ్రవరి 17న కోర్టు హాల్లోనే అప్పటి జనతా పార్టీ నేత సుబ్రమణ్యస్వామి మీద కోడిగుడ్లు పడటం అందరికీ తెలిసినవే. చూడాల్సింది 19 మధ్యాహ్నం.

గుడ్ల కేసులో లాయర్లను అరెస్టు చేయడానికి పోలీసులు వచ్చారు. స్వామి మీద కూడా కేసు పెట్టాల్సిందేనని లాయర్లు పట్టుబట్టారు. మాటా మాటా పెరిగింది, రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి. ఇక్కడితో ఆగి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాళ్లం. కానీ ఆపి ఉంచిన కార్లు, బైకులను పోలీసులే పగలగొట్టడం టీవీల్లో ఊరంతా చూసింది, లాయర్ల ఛాంబర్లలోకి (ఆఫీసు గదుల్లోకి) వెళ్లి మరీ కొట్టారు, సర్దిచెప్పడానికి వచ్చిన జస్టిస్ ఆరుముగపెరుమాళ్ ఆదిత్యన్ కూడా గాయపడ్డారు. జడ్జి పరిస్థితే అదైతే వాయిదాకొచ్చిన కక్షిదారుల సంగతి చెప్పాలా?

హైకోర్టు పక్కనున్న పారీస్ కార్నర్‌లో ఒక తెలుగు లాయరు గారి దగ్గర గుమాస్తాగా చేసిన పెద్దాయన అప్పుడు కోర్టు లోపలే ఉన్నారు. గడియ పెట్టుకుని ఫైళ్ల మధ్య కూర్చున్నామని, బూట్ల చప్పుడు మెట్లెక్కుతుంటే మేం లాయర్లం కాదని చెప్పినా వింటారా అన్న టెన్షనే తప్ప వేరే ఆలోచన రాలేదని ఆయన నాతో అన్నారు. ఆ రోజు రాయి ముట్టుకోని ఇలాంటివాళ్ల మాట ఏ చర్చలోనూ వినపడదు.

పోలీసుల వాదన కూడా ఉంది. ఆవరణలోని పోలీస్ స్టేషన్‌ను తగలబెట్టారు, పోలీసులకూ దెబ్బలు తగిలాయి, ఈ గొడవపై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ మధ్యంతర నివేదిక లాయర్ల తీరునే గట్టిగా తప్పుపట్టింది. అయితే అదే ఏడాది అక్టోబర్ 29న హైకోర్టు నలుగురు పోలీసు ఉన్నతాధికారులపై క్రమశిక్షణ చర్యలకు ఆదేశించిన సంగతి మాత్రం ఆ పక్షం వాళ్లు ఎత్తరు.

2015 నవంబర్ 16 నుంచి హైకోర్టు భద్రత నగర పోలీసుల నుంచి కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్ చేతికి వెళ్లింది. తమిళంలో వాదనలకు అనుమతి కోరుతూ ఆ సెప్టెంబర్‌లో చీఫ్ జస్టిస్ కోర్టు హాల్లో జరిగిన ఆందోళన దానికి దగ్గరి కారణం. నన్నడిగితే, లాయర్లకూ నగర పోలీసులకూ మధ్య నమ్మకం 2009లోనే పోయింది. మొదటి రాయి ఎవరిదో రేపు తేలినా, ఛాంబర్ల మెట్లెక్కమని ఎవరు చెప్పారన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు చెప్పాల్సింది పోలీసు శాఖే.