మందు, మతిమరుపు, రాత్రి మాత్ర: అపోహలు - వాస్తవాలు

"ఈయనకి మతిమరుపేం లేదండీ. ఎప్పుడో మా పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో ఇప్పటికీ చెప్తారు. మాత్ర దగ్గరకొచ్చేసరికే మర్చిపోతారు. కావాలనే!" మద్యం అలవాటు మాన్పించే డీఅడిక్షన్ ఓపీలో భార్యల నోట పదేపదే వినే మాట ఇది. పక్కనున్న ఆయన మాటేమో, "వేసుకున్నాననే అనుకున్నా సార్." ఇద్దరూ చెప్పేది నిజమే కావచ్చు.

అపోహ: జరిగినవన్నీ గుర్తున్నాయి, నాలుక తడబడలేదు. కాబట్టి తాగే మందు నా జ్ఞాపకశక్తిని ఏమీ చేయలేదు.

ప్రాణాల మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. జరిగినదాన్ని గుర్తుచేసుకోవడం ఒక పని, చేయాల్సినది వేళకు తట్టడం వేరే పని. నిన్న ఏం తిన్నావని అడిగితే ఆ ప్రశ్నే జ్ఞాపకాన్ని లాగుతుంది. రాత్రి 9కి ఫిట్స్ మాత్ర వేసుకోవాలని మాత్రం ఎవరూ గుర్తుచేయరు. కబుర్లలో ఉన్న మనసు తనంతట తాను ఆగి గడియారం చూడాలి. ఆ కాపలా పని చాలావరకు మెదడు ముందుభాగానిది. నడక తూలకముందే, మాట ముద్దగా రాకముందే మందు దాన్ని మందగింపజేస్తుంది. అందుకే "నేను బాగానే ఉన్నా" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. బ్రిటన్‌లో టీనేజర్ల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒకే విడతలో ఎక్కువ తాగే అలవాటున్నవాళ్లూ లేనివాళ్లూ తమ మరుపు గురించి దాదాపు ఒకేలా చెప్పుకున్నారు. వీడియోలో ఫలానా చోటు కనిపించినప్పుడు ఫలానా పని గుర్తుచేసుకోవాలని పరీక్ష పెడితే, తాగేవాళ్లు వెనకబడ్డారు.

మరిచిపోయిన మాత్ర కంటే భయపెట్టేది రెండోసారి వేసుకున్న మాత్ర. తాగి ఉన్నప్పుడు, వేసుకున్న సంగతి కూడా మెదడులో సరిగా నమోదు కాదు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రో, ఇన్సులినో రెండుసార్లు పడిందనుకోండి. షుగర్ పడిపోతున్నప్పుడు కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేసి ఆదుకోవాలి, తాగిన ఆల్కహాల్ ఆ తయారీనే అడ్డుకుంటుంది. పైగా అన్నం తినకుండా పడుకుంటే తెల్లవారేలోపు ప్రమాదమే. చెమటలు, తూలడం, ముద్దమాట, పొంతనలేని జవాబులు, ఇవన్నీ షుగర్ పడిపోయిన లక్షణాలు. ఇంట్లోవాళ్లకు అచ్చం తాగినట్టే కనిపించి "పడుకోనీ" అని వదిలేస్తారు. దయచేసి వదలకండి. గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుండి, స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ పెరిగినా ఆ రాత్రి ఆసుపత్రిలో చూపించాలి. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్లీ పడొచ్చు.

ఇక ఏం చేయాలి? మానడమే మేలు. కానీ మానేలోపు మాత్రలు తప్పకూడదు కదా.

వారానికి ఏడు అరలున్న మాత్రల డబ్బా కొనండి. అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, గుర్తుందా లేదా అన్న వాదన లేదు. అనుమానం వస్తే ఇంకోటి వేసుకోవద్దు, డాక్టరుకో ఫార్మసిస్టుకో ఫోన్ చేయండి. "9 గంటలకు" అని కాకుండా "అన్నం కంచం కడగగానే డబ్బా తీస్తాను" అని ఒక పనికి ముడిపెట్టండి. ఈ మాటను మొదటి పెగ్గుకు ముందే పైకి అనుకుని, ఆ దృశ్యాన్ని కళ్లముందు ఊహించుకోండి. తాగకముందు మనసులో పడింది కొంతైనా నిలుస్తుంది, తాగాక అనుకున్నది జారిపోతుంది. ఇలా ఊహించుకోవడం పనికి ముడిపెట్టిన వాటికి సాయపడుతుందని, గడియారానికి ముడిపెట్టిన వాటికి పడదని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి టైముకే వేసుకోవాల్సిన మాత్రకు అలారం తప్పనిసరి. ఫోన్‌ను ఆ డబ్బా మీదే పెట్టండి, మాత్ర మింగాకే అలారం ఆపండి. ఆపేసి "ఇదిగో వేసుకుంటా" అనుకున్న ఆ రెండు నిమిషాల్లోనే పని జారిపోతుంది. పొయ్యి మీద పాలు, బోరు మోటారు సంగతీ ఇంతే. మోటారుకు టైమర్ పెట్టించండి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్‌ను తాగకముందే ఆఫ్ చేయించండి.

అపోహ: బీరు మందు కాదు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 ఎం.ఎల్. సీసాలో సుమారు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 30 ఎం.ఎల్. విస్కీలో ఉండేది 10 గ్రాములు. నాలుగు పెగ్గులన్నమాట.

అపోహ: పడుకుని లేస్తే దిగిపోతుంది. క్వార్టర్ విస్కీ అంటే సుమారు 60 గ్రాముల ఆల్కహాల్. కాలేయం గంటకు ఖర్చుచేసేది సుమారు 7 నుంచి 10 గ్రాములు. రాత్రి 11కి ముగిస్తే ఉదయపు మాత్ర వేళకు ఇంకా ఒంట్లో ఉండొచ్చు. నిమ్మరసం, మజ్జిగ, బ్లాక్ కాఫీ ఈ వేగాన్ని పెంచవు.

అపోహ: తాగిన రోజు ఏ మాత్రా వేసుకోకూడదు. ఈ పుకారు ఎంతమందికి ఫిట్స్ తెప్పించిందో! మాత్ర తప్పిన రాత్రి, మందు దిగిపోతున్న తెల్లవారుజాము, రెండూ కలిస్తే ఫిట్స్ ముప్పు బాగా పెరుగుతుంది. నిద్రమాత్రలు మాత్రం మందుతో కలిస్తే ఊపిరికే ముప్పు. కాబట్టి ఒక్కో మాత్ర గురించి డాక్టరును అడిగి, డబ్బా మూత మీద రాసి పెట్టుకోండి. నిజం చెబితే తిడతారని దాచకండి, ఎంత తాగుతారో తెలియకుండా మేం సలహా ఇవ్వలేం.

అపోహ: మానాలంటే ఒక్కరోజులో మానేయాలి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావొచ్చు, రెండు మూడు రోజులకు వణుకు, భ్రమలు ముదరొచ్చు. డాక్టరు పర్యవేక్షణలో, బి1 విటమిన్‌తో మానాలి. గందరగోళం, కళ్లు అదుపు తప్పి కదలడం, నడక తూలడం ఉంటే బి1 ఇంజెక్షన్ అదే రోజు పడాలి. మానాక వారాలు, నెలల్లో చాలామందికి మరుపు తగ్గుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. భార్య చేసినా, కొడుకు చేసినా ఫర్వాలేదు.