భుజాలతో విమానం నడిపిన మనిషి

విమానం ఎవరు కనిపెట్టారని అడిగితే బ్రెజిల్‌లో చాలామంది రైట్ సోదరుల పేరు చెప్పరు, ఆల్బర్టో శాంటోస్ డ్యూమాంట్ అంటారు. 1903 నాటి లెక్క చూస్తే రైట్ సోదరులే ముందు. ఆ గొడవ కంటే ఈయన ఎగిరిన పద్ధతే నాకు ఆసక్తిగా అనిపిస్తుంది.

కాఫీ తోటల ఆసామి కొడుకు, 1873లో పుట్టాడు. పారిస్ చేరి, పొడవాటి హైడ్రోజన్ బెలూన్‌కి పెట్రోలు ఇంజన్ తగిలించి ఊరి మీద తిరిగేవాడు. 1901 ఆగస్టులో గ్యాస్ కారిపోయి, ఒక హోటల్ పైకప్పుకి తగిలి బెలూన్ పేలిపోయింది. వేలాడుతున్న మనిషిని ఫైర్ సిబ్బంది కాపాడారు. అక్టోబరులో మళ్ళీ ఎక్కి ఈఫిల్ టవర్‌ని చుట్టి వచ్చాడు. గెలుచుకున్న బహుమతి డబ్బు తన పనివాళ్ళకీ, పారిస్ పేదలకీ పంచేశాడు.

1906 నవంబరు 12న ఆయన చేసిన '14-బిస్' అనే విమానం 21.5 సెకన్లలో 220 మీటర్లు ఎగిరింది. విమానం ఒక పక్కకి ఒరిగితే సరిచేయడానికి రెక్కల మధ్య కదిలే పలకలు పెట్టాడు. వాటి తీగలు ఆయన భుజాలకి కట్టిన పట్టీలకి తగిలించి ఉండేవి. చేతులు వేరే మీటల మీద ఉంటాయి కాబట్టి, ఒళ్ళు వంచితే పలకలు కదిలేవి. తర్వాత చేసిన బుల్లి విమానం 'డెమొయిసెల్'లోనూ అంతే, రెక్కల్ని మెలితిప్పే మీట ఆయన కోటు వీపుకి కుట్టి ఉండేది. దాని డిజైన్‌కి పేటెంట్ తీసుకోకుండా అందరికీ ఇచ్చేశాడు.

అలాంటి మనిషికి 1910 ప్రాంతంలో తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలైంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. అందులో నరాల మీది కొవ్వు పొర దెబ్బతిని, మెదడు సంకేతాలు సరిగా అందవు. ఒంటి తూకంతో విమానాన్ని నిలబెట్టేవాడికి అంతకంటే ఏం కావాలి? ఎగరడం ఆపేశాడు.

విమానాలు బాంబులు వేయడం చూసి కుమిలిపోయాడు. 1926లో యుద్ధంలో విమానాలు వాడకూడదని నానాజాతి సమితిని కోరాడు. 1928లో ఓడలో స్వదేశానికి వస్తుంటే, స్వాగతం పలకడానికి బయలుదేరిన విమానం ఆయన కళ్ళెదుటే కూలి అందులోని వాళ్ళంతా చనిపోయారు. 1932 జులైలో, దేశంలో అంతర్యుద్ధం నడుస్తుండగా, ఆత్మహత్య చేసుకున్నాడు.

విమానమే ఆయన్ని చంపిందని కథగా చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది కానీ ఇరవై ఏళ్ళ జబ్బునీ, శానిటోరియంలలో గడిపిన రోజుల్నీ, డిప్రెషన్‌నీ అది పక్కన పెట్టేస్తుంది. ఆత్మహత్య అన్న మాటనైతే బ్రెజిల్‌లో చాలాకాలం బయటికి రానివ్వలేదు.